చెవి అతుకు

బారువ కూర్మారావు ఓడ దిగిన నాలుగోరోజు
బొబ్బిలి బస్సెక్కి గొల్లపల్లి వచ్చాడు.
తువ్వాలు విప్పితే నల్లటి మొహం.
చీలికల్లాంటి కళ్ళు, మూసీ మూయనట్టు.
ఎడమ చెవి విరిగి ఉంది.

"అబిజాన్ రేవులో కొన్నాను మావా.
చెవి అతికించి కాస్త పాలిష్ కొట్టు.
కాశీబుగ్గ ఇంట్లో
టీవీ పైన తగిలిస్తాను."

సీతన్న మావ మొహం వైపు చూడనేలేదు.
తిరగేశాడు.
వీణ కొనేవాళ్ళు తీగ మీటుతారు,
చేసేవాడు కుండలోకి చెయ్యి పెడతాడు.
బొటనవేలు లోపలంతా తిప్పి అన్నాడు:
"బాడిస పని. మనదాని కన్నా సిన్నది.
ఎడంసేతోటం మనిషి.
ఇదిగో, ఇక్కడ ముడొచ్చింది,
కోపం తెచ్చుకోకండా పక్కనుంచి పోనాడు."

తర్వాత గుమ్మం వెలుగులో పట్టాడు.
నుదురు ఆనేచోట జిడ్డు నిగనిగ.
పెదాల వెనక అడ్డంగా ఒక పుల్ల,
పుల్ల మీద పళ్ళ గాట్లు.

"అమ్మకానికి సేసింది కాదు బాబూ ఇది.
కరుసుకోని ఆడినారు.
ఒకడి పళ్ళు కూడా కావు."

కూర్మారావు తల గోక్కున్నాడు.
అమ్మినవాడు ఏదో చెప్పాడట:
అడవిలో ఉండేదొకటి కలలోకొచ్చి
నాకో మొహం చెక్కమంటుందట,
చెక్కితే ఊళ్ళోకొస్తుందట,
ఎండల్లో గాలి లేచేవేళ
పొయ్యిలార్పండని ఇల్లిల్లూ తిరుగుతుందట.
"బేరం పెంచడానికనుకున్నాను."

మావ నవ్వలేదు.
వయసులో శక్తి వేషం కట్టినవాడు,
తొమ్మిదిరోజులు ఒంటిపూట తిని.
"మొహం కట్టినంతసేపూ
మాయమ్మ కూడా నన్ను పేరెట్టి పిలవనేదు.
తల్లీ అన్నాది. దణ్ణమెట్టింది."

పనసపేడు చెక్కి లక్కతో అతికాడు.
నల్లటి మొహానికి పసుప్పచ్చ చెవి.
రంగు కలపనా అని అడిగాను.
"వొద్దు. బాగుసేసిన సోటు ఆళ్ళకి తెలియాల."
ఎవరికో నేనడగలేదు.
పాలిష్ డబ్బా మూత తియ్యనే లేదు.

రాత్రి పొట్టు ఊడ్చి, దీపం తగ్గించి,
దాన్ని ముఖానికి ఎత్తుకున్నాను.
పొగ వాసన, తెలియని నూనె వాసన.
గాట్లలో నా పళ్ళు ఇమడలేదు.
మాటాడబోతే మాట రాలేదు,
ఊఁ అని మాత్రం, నాది కాని లోతులోంచి.
గోడవార, రాయగడ పంతులమ్మకి సిద్ధమైన వీణ
మంద్రం తీగ
తనంతట తాను సన్నగా పలికింది.
దించేశాను. తువ్వాలు కప్పాను.
ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్న మావ రిజిస్టరు తీశాడు.
నంబరు వేశాడు. పని: ఎడమ చెవి.
కర్ర: తెలీదు.
పేరు దగ్గర పెన్ను ఆగింది.
"నాది రాయి మావా."
"నీదెందుకు? మోసుకొచ్చినోడివి."

రెండొందలు తీసుకుని, మేకుకి తగిలించొద్దన్నాడు.
మరెక్కడ పెట్టాలో చెప్పలేదు.
కూర్మారావు కూడా అడక్కుండా
తువ్వాలు వదులుగా చుట్టి,
కళ్ళకి అడ్డం రాకుండా,
ఎదురుగా పట్టుకుని నడిచాడు బస్సు దాకా.

ఆ గడి ఇప్పటికీ ఖాళీయే.
దాని కింది వరసలో రాయగడ వీణ.