నొక్కి వదలని మీట

లింకన్‌షైర్‌లో, పిక్‌వర్త్ కోళ్ళగూట్లో దొరికింది నాకిది.
నలభై ఏళ్ళు దీని మీద పెట్టలు పడుకున్నాయి.
"తీసుకుపో, రెట్ట మాత్రం నువ్వే కడుక్కో" అన్నాడు.
బదులుగా వాళ్ళావిడ టీవీ బాగుచేసి పెట్టాను.

కడిగితే రంగులు బయటపడ్డాయి:
నీలం పిడి, ఎర్ర పిడి, పసుపు పిడి.
పిల్లల బొమ్మ అనుకుంది మా మనవరాలు.
ఆమె తప్పేం లేదు.
నిద్రతో బరువెక్కిన ఇరవయ్యేళ్ళ వేళ్ళు
గుడ్డిదీపం కింద, నేలకి మూడున్నర మైళ్ళ పైన
తడబడకూడదని వేసిన రంగులవి.
నీలం పిడి అంచు అరిగి లోహం తేలింది.
ఎరుపు, కొంచెం.
పసుపు మాత్రం నిన్న తెచ్చినట్టుంది.

అడుగు రేకు విప్పితే
టంకం వేసిన అమ్మాయి రాత, పెన్సిలుతో:
'శనివారం డాన్సు. ఏడింటికి.'
చెరపడానికి మనసొప్పక
దాని చుట్టూ తిరిగి కండెన్సర్లు మార్చాను.

యుద్ధమయ్యాక వీటిని తూకానికి అమ్మారు.
పద్నాలుగేళ్ళప్పుడు నేనూ ఒకటి కొన్నాను,
సుత్తితో పగలగొట్టి, రాగితీగ పీక్కుని
మిగతాది కాలవలో పారేశాను.
షెడ్డు ఎప్పుడు ఖాళీ చేస్తావని మా ఆవిడ అడిగితే
ఆ సంగతి చెప్పలేదు, వాన వంక పెట్టాను.

దీని చరిత్రలో ఎక్కువ భాగం మౌనవ్రతమే.
పన్నెండు వందల వోల్టులు మింగే నోరు
ఎక్కింది మొదలు ఉలకకూడదు, పలకకూడదు.
పలికితే శత్రువు చెవిన పడుతుంది.
అరగంటకోసారి పక్కన రిసీవర్లో
ఇంటి మాట వినేవాడు ఆపరేటరు,
ఊఁ కొట్టేవాడు కాదు.
వేడిగాలి గొట్టం అతని మోకాళ్ళ దగ్గరే.
తోకలో తుపాకీ కుర్రాడు గడ్డకడుతుంటే
ఇతను చెమటలు కక్కుతూ సిగ్గుపడేవాడట.
పసుపు పిడికైతే ఇంకో తతంగం:
సీసపు గుళ్ళు కట్టిన పొడుగాటి తీగ
విమానం కడుపులోంచి కిందికి వదలాలి.
చుట్టడం మరిచి దిగితే జీతంలో కోత.

ఆదివారం హిల్డా గార్త్‌వెయిట్ వచ్చింది,
ఊతకర్ర, ప్లాస్టిక్ వానకోటు.
యుద్ధంలో తూర్పుతీరాన ఒక చెక్కగుడిసెలో
దిక్కులు పట్టే పని చేసిందట.
స్విచ్ వేశాను. వాల్వుల్లో మెల్లగా నారింజ.
గాల్లోకి పంపే లైసెన్సు లేదు కనక
ఏరియల్‌కి బదులు అరవై వాట్ల బల్బు.
పసుపు పిడి సరిచేసి, మీట నొక్కి పట్టుకున్నాను.
బల్బు భగ్గున వెలిగింది. నాకు గర్వం.

"వదులు" అందామె.
ఇంకాస్త చూపిద్దామని వదల్లేదు.
"వదలమన్నానా!"
కర్ర నేలకేసి కొట్టింది.

టీ దగ్గర చెప్పింది:
సముద్రంలో దిగబోయే విమానం పంపేది అదే.
మాట కాదు, చివరికి అక్షరం కూడా కాదు.
మీట బిగించేసి ఎవరి చోట వాళ్ళు ముడుచుకుంటారు.
ఒకటే ఈల, సన్నగా, సాగుతూ.
మూడు గుడిసెల్లో మూడు చక్రాలు తిరిగి
మ్యాపు మీద మూడు గీతలు కలిస్తే
అక్కడికి పడవ బయల్దేరుతుంది.
"ఒకసారి పదకొండు నిమిషాలు విన్నాను.
తెగినప్పుడు, చెవులు పోయాయనుకుని
ఇయర్‌ఫోన్ తట్టి చూసుకున్నాను."
దొరికారా అని అడిగాను.
"మాకు చెప్పేవారు కాదు. షిఫ్టు మారింది."
ముంచిన బిస్కెట్టు విరిగి కప్పులో పడితే
స్పూనుతో దానికోసం చాలాసేపు వెతికింది.

వెళ్ళబోతూ మళ్ళీ షెడ్డులోకి నడిచి
నా స్టూలు మీద తనే కూర్చుంది.
"నాలుగేళ్ళూ వినడమే. ఒక్కసారి పంపనివ్వలేదు."
నీలానికి మార్చింది. మీట మీద వేళ్ళు
నా కళ్ళకి అందనంత వేగంగా ఆడాయి,
బల్బు రెప్పలార్చింది.

ఏం పంపారని అడిగాను.
"కోళ్ళ కంపు ఇంకా పోలేదని" అంది,
వానకోటు బొత్తాలు పెట్టుకుంటూ.

నిజమే. వాల్వులు వేడెక్కినప్పుడల్లా వస్తుంది.