నలభై ఒకటో నంబరు

జుబైల్‌ల సముద్రానికి అర కిలోమీటరు దూరంల
మా పోర్టా క్యాబిన్.
ఏసీ నీళ్లు కారే మూలకు ఒక పెయింట్ డబ్బ,
దాని పక్కన నేను, నా ముందట తెరిచిన బ్రౌజర్.

ఎడమ దిక్కు పనిముట్లు వరుసగ ఉంటయి:
గుండ్రం, డబ్బ, బాణం, మబ్బు లెక్క వంకర గీత.
వాటి కింద ముద్రలు. ఎర్ర ఇంటు, పచ్చ టిక్కు,
నిప్పు బొమ్మ, హెల్మెట్ బొమ్మ, నీటి బొట్టు.
నవ్వే మొఖం ఒకటి ఎందుకుందో తెల్వదు.

తాపీ పట్టినోన్ని, నడుం పోయినంక
మౌస్ ఇచ్చి కూసోబెట్టిండ్రు.
అప్పుడు గోడను అరచేత తడిమి చెప్పేటోన్ని.
ఇప్పుడు పగులు చుట్టు గీసి, బాణం గుచ్చి,
"మళ్ల చెయ్యాలె" ముద్ర కొట్టి
సేవ్.

ఫోటోలు పంపేది లింబాద్రి.
పొద్దుగాల ఆరింటికి మొదలైతె పగటాల్లకు డెబ్బై.
పంపు హౌజు గోడలు, పైపుల కింద తుప్పు,
పెచ్చులూడిన మెట్లు.
మనిషి మొఖం పడితె నల్ల డబ్బతోటి మూయాలె, అది రూలు.
ఒక్క పూటల పదకొండు మొఖాలు మూసిన.
అందుల ఒకటి మా రూముల నా కింది మంచపోనిది.

లింబాద్రి తీసే ప్రతి ఫోటోల కుడి మూలకు
ఆయన వేలు పడ్తది. ఎంత చెప్పినా పడ్తది.
వేలును మూయాల్నని రూల్ల లేదు,
నేను కత్తిరించలే.
సిమెంటు అంటిన వేలు, చాయ్‌ల కాలిన వేలు,
లీవుకు పోయొచ్చినంక
సగం చెరిగిన ఓటు సిరాతోటి వేలు.

మొన్నొక మంగళారం వేలుకు గుడ్డ పేలిక.
ఎర్రగ తడిసింది, ముడి పంటితోటి బిగించినట్టుంది.
దాని ఎదురుంగ గోడకు వెంట్రుకంత పగులు.
పగులు చుట్టు గీసిన.
ఏమనిపిచ్చిందో, వేలు చుట్టు గూడ గీసిన.
ముద్ర కోసం వెదికిన. నీటి బొట్టు కాదు, నిప్పు కాదు.
చెరుపుదామనుకునేలోపే నెట్టు పోయి వచ్చి
దానంతట అదే సేవైంది.

గురువారం రిపోర్టుల నలభై ఒకటో నంబరు.
లోపం: ఖాళీ. బాధ్యులు: ఖాళీ.
ఇంజినీరు హాతెమ్ పిలిచి అడిగిండు, "ఇదేంది?"
"వేలు సార్."
"వేలని కనవడ్తనే ఉంది. లోపమేంది?"
నాకొచ్చిన అరబ్బీ గోడలకే సరిపోతది.
పగులు, చెమ్మ, వంకర, తక్కువ.
"తక్కువ" అన్న.
ఆయన చాలసేపు తెర దిక్కే చూసిండు.
సాయంత్రానికి లింబాద్రిని క్లినిక్ వ్యాన్ ఎక్కించిండ్రు.

నంబరు మాత్రం మూసుకోదు.
బాగైనంక తీసిన ఫోటో పెట్టనిదే
ఆ పేజీ ఒప్పుకోదు.
మూడు వారాలు ఎర్రగనే ఉన్నది.
ఫోన్ చేసిన, "నీ వేలు ఫోటో ఒకటి కావాలె."
"ఇన్నొద్దులు వద్దని తిడ్తివి గదన్నా" అని నవ్విండు.

వచ్చింది. మొదటిసారి వేలు నడిమిట్ల.
గోరు లేదు. మునుపటి కంటె జెర పొట్టిగ.
పచ్చ టిక్కు కొట్టిన. కొంచెం పక్కకు పడ్డది,
సర్దలే.

ఇగ మూద్దామని చూస్తె
వేలు ఎనుక, కుడి మూలకు, మసకగ
అదే గోడ.
పూసిన చోటనే మళ్ల తెరుసుకున్నది పగులు.

నలభై రెండు అని కొట్టి
గుండ్రం తీస్కున్న.