జల్లెడ

పొద్దున అయిదుకి మాత్ర.
గోరంత తెల్లటి బిళ్ళ, గ్లాసుడు నీళ్ళు,
ఆ తర్వాత గంటసేపు ఏమీ లేదు.
సరిగ్గా ఆ గంటలోనే పై వాటాలో వేదవల్లి మామి
డికాక్షన్ దింపుతుంది.
వాసన మెట్లు దిగి వచ్చి
నా గుమ్మంలో కూర్చుంటుంది, అప్పులవాడిలా.

నేను మేడెక్కుతాను.
పెరంబూరు ఇంకా సగం నిద్రలో.
నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా ఇరవై రెండు అడుగులు.
నలభై సార్లు.
లెక్కల టీచర్ని, తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.
మొదటి నెల రోజూ తప్పేది.

ఈ ఊళ్ళో మంచు పడదు.
ఏ మార్గళిలోనో ఒక పూట మసకేస్తుంది, అంతే.
మరి నా తలలోకి ఎక్కడినుంచి దిగిందో!
పిండి జల్లిస్తూ ఉంటే
చేతిలో వస్తువు పేరు పోయింది.
పట్టుకునే ఉన్నాను. గుండ్రంగా ఉంది. చిల్లులున్నాయి.
సల్లడై, అంది నోరు.
ఊరి మాట వచ్చింది, అమ్మ మాట రాలేదు.
ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి రెండూ,
అయినా ఆ రాత్రి
తిరునాళ్ళలో పిల్లని తప్పిపోగొట్టుకున్నట్టు ఏడ్చాను.

మూడో రోజు 29సి బస్సులో దొరికింది.
"జల్లెడ!" అని పైకే అనేశాను.
అలాంటి స్టాపు లేదన్నాడు కండక్టరు.

ఆ తర్వాత క్లాసులో.
బోర్డు దగ్గరికి పిలవబోతే
మూడో బెంచీ పిల్ల పేరు లేదు.
"నువ్వు," అన్నాను. "అదే, నువ్వు."
ఆ ముఖం వాడిపోవడం మాత్రం
మసకలోంచి కూడా కనిపించింది.

వయసు, అన్నారు స్టాఫ్ రూములో.
ధ్యాస లేదు, అన్నాడు మా ఆయన.
అయనావరం డాక్టరమ్మ గొంతు నిమిరి,
రక్తం కాగితం రెండుసార్లు చదివి,
"కాపలా కుక్క ఇంటివాళ్ళనే కరుస్తోందమ్మా," అంది.
గోడ మీద బొమ్మలో థైరాయిడ్ సీతాకోకచిలుకలా ఉంది.
నాది ఎగిరే రకం కాదని అప్పటికే తెలుసు.

ఇనుము బిళ్ళకీ దీనికీ నాలుగు గంటల ఎడం.
నిద్ర. నడక. మనుషులతో మాట.
"మాట కూడా మందేనా?"
"దానికి బిల్లు వెయ్యను," అంది.

అందుకే పదింటికి దీపం ఆర్పేస్తాను.
సీరియల్లో ఎవరు ఎవరికి విషం పెట్టారో
పొద్దున ఆరు దాటాక మామి చెబుతుంది,
కాఫీ గ్లాసు అందిస్తూ.
పోపుల డబ్బాల మీద పేర్లు రాసి అంటించాను.
జల్లెడకి మాత్రం అంటించలేదు.
దాన్ని రోజూ నేనే పిలవాలి.

ఇప్పటికీ కొన్ని రోజులు
దిగాల్సిన చోటు దాటి ఓటేరి దాకా పోతాను.
తిరిగి నడిచొస్తాను,
దాన్ని ఆ రోజు లెక్కలో కలిపేసుకుంటాను.

హాజరు నేను పిలవడం మానేశాను.
ఒక్కొక్కరే లేచి పేరు చెప్పాలి,
పొద్దున ఏం తిన్నారో చెప్పాలి.
ఇదేదో కొత్త బోధనా పద్ధతని
హెడ్మిస్ట్రెస్ మెచ్చుకుంది. నేను కాదనలేదు.

"దేశమ్మ. చద్దన్నం, మాగాయ టెంక."
దేశమ్మ, అంటాను నేనూ, నోటికి రుచి తెలిసేలా.

నిన్న ఆ పిల్లే అడిగింది, మీరు చెప్పలేదేం టీచర్ అని.
లేచి నిలబడ్డాను.
"కనకతార. ఒక మాత్ర.
గంటసేపు ఏమీ లేదు.
తర్వాత కాఫీ."

కాఫీ తిండి కాదు టీచర్,
అంది దేశమ్మ.