స్లేట్ స్ట్రీట్ మలుపు

అరవై ఎనిమిది పేజీల ఫారం.
ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాం.
ముందు ఇరుసు, వెనక ఇరుసు, స్టీరింగు.
ఒక్కో గడి పక్కన ఒక్కో ధర,
కోశాధికారిని కనక నా కళ్ళు ముందు అక్కడే పడతాయి.
పగలు మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే వేళ్ళతోనే
రాత్రిళ్ళు ఈ డాలర్లు లెక్కపెడతాను:
ఎనిమిదేళ్ళ శుక్రవారాల బింగో,
చర్చి కింది గదిలో తెల్లారకముందే ఒత్తిన పిరోగీలు,
ఎవరో వీలునామాలో రాసిపోయిన నాలుగు వేలు.

కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు, ట్రెంట్,
బొమ్మల్ని బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.
"వెనక జంట ఇరుసులు తీసుకోండి,
పదిహేను వందల గ్యాలన్లు మోస్తుంది."
నీళ్ళంటే ఎవరికి చేదు?
కొండ మీద ఉన్నవే రెండు హైడ్రెంట్లు,
ఒకటి జనవరి రాగానే బిగుసుకుపోతుంది.
చేతులు లేచాయి. నాదీ లేచింది.

ఎమ్లిన్ ప్రాసర్ చెయ్యెత్తలేదు.
ముప్పై నాలుగేళ్ళు పాత బండి తోలినవాడు,
ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోక మాకు కాఫీ కాస్తున్నాడు.
"కోట్లు వేసుకోండి" అన్నాడు. అంతే.

పెన్సిల్వేనియాలో మార్చి అంటే
మంచు పోయిందని చెప్పి మళ్ళీ వచ్చే నెల.
స్లేట్ స్ట్రీట్ కొండెక్కుతూ ఎక్కుతూ
ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగే చోట
ఒక రాతిగోడ.
దాని మీద నడుమెత్తున ఎర్రటి గీతలు,
ఒకదాని మీద ఒకటి.
ఎమ్లిన్ టార్చి వేశాడు.
"ఇది తొంభై మూడు. ఇది నా రెండో పెళ్ళి నాటి రాత్రి.
ఇది కొవాల్చిక్ వాళ్ళిల్లు."

ఎవరి ఇల్లని అడిగాడు ట్రెంట్, పాపం తెలీక.
చీఫ్ డొరోథియా తన బూట్ల వంక చూసుకుంది.
వాళ్ళ చిన్నదానికి నెలనెలా
ఇన్‌హేలర్ నేనే ఇచ్చేదాన్ని.

ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి.
నలభై సెకన్లు.
స్లేట్ అంటే మా భాషలో పలక,
ఒక్క గీతలో అక్షరం రాని పిల్లాడిలా
ఈ మలుపుని దిద్దుతాం,
పైన కిటికీలు వెలుగుతుండగా.

ట్రెంట్ మంచివాడే. టేపు తీశాడు,
సుద్దముక్కతో రోడ్డు మీద చక్రాలు గీశాడు.
జంట ఇరుసులైతే ముక్కు గోడలో ఉంటుంది.
వెనక ఒంటి ఇరుసు పెట్టి
ముందు చక్రాలు నలభై అయిదు డిగ్రీలు తిప్పగలిగితే
జానెడు మిగులుతుంది.
గ్లవ్ తీసి కొలిచాను, నా జానే,
చల్లటి రాతి మీద.

వెనక చక్రాలు కూడా తిరిగే రకం ఒకటుందని
ధర చెప్పాడు.
ఎమ్లిన్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"ఎన్ని పిరోగీలు?" అని నన్నడిగాడు.
లెక్క కట్టాను. పైకి చెప్పలేదు.

సగం నీళ్ళు వదులుకుని ఒక మలుపు కొన్నాం.
ఏడొందల యాభై గ్యాలన్లు,
ఒక్క గొట్టం పూర్తిగా విప్పితే నాలుగు నిమిషాలు.
ఆలోగా కింది ఊరి నుంచి ట్యాంకరు రావాలి,
రాకపోతే
అన్న మాట మినిట్స్‌లో రాయలేదు.
అనుకూలం పదకొండు, వ్యతిరేకం ఒకటి.
"నీళ్ళు లేకుండా తొందరగా వెళ్ళి ఏం చేస్తాం,
నిలబడి చూస్తామా?" అన్నాడు వాల్ట్ హెనింగర్.
అదైతే రాశాను, అతను అన్నది అన్నట్టే.
జవాబు కోసం కింద రెండు గీతలు ఖాళీ వదిలాను.

ఆఖరి గడి రంగు.
పద్నాలుగు ఎరుపులున్నాయన్నాడు ట్రెంట్.
ఎమ్లిన్ జేబులోంచి గోరంత పెచ్చు తీసి
ఫారం మీద పెట్టాడు. ఎప్పుడు గోకాడో గోడ నుంచి.
మందు పొట్లం కట్టినట్టు
కాగితంలో మడిచి, పైన తేదీ వేసి
ట్రెంట్ చేతిలో పెట్టాను.