తారీఖు వెనక్కి

నల్లగొండ గడియారం సెంటర్ల నా దుకాణం.
ఫోన్ గ్లాసులు, రిమోట్లు, అప్పుడప్పుడొక మిక్సీ.
బల్ల కింద, బియ్యం సంచిల చుట్టి
ఒక ముసలి లాప్‌టాప్.
మూత మీద నా చేతిరాత:
దీనికి నెట్ పెట్టొద్దు.

ఇస్సాకు ఏడాదికి రెండుసార్లొస్తడు
నకిరేకల్ నుంచి, గిటారు ఒళ్ళో పెట్టుకొని,
కండక్టరు దానికి సుత టికెటడిగిండని
ప్రతిసారీ అదే కోపంతోని.

చూస్తే మామూలు గిటారే.
ఆరు తీగలు, అంచున లేసిన పెచ్చు.
పొట్టల మాత్రం ఒక బోర్డు.
గుండీ తిప్పితే సితారైతది, ఇంకో గాటుకు బాంజో,
చెవి మెలెయ్యకుండనే శ్రుతి మారుతది.
బ్యాటరీ దిగినంక మీటితే
దాని సొంత గొంతు
అగ్గిపెట్టెల ఈగంత.

చేసినోళ్ళు దాన్నెప్పుడో ఇడిసిపెట్టిండ్రు.
దాని సాఫ్టువేరు కొత్త కంప్యూటర్లను పలకరియ్యది,
అవి దీన్ని పలకరియ్యవు,
గెట్టు పంచాది పెట్టుకున్న పాలోళ్ళ లెక్క.
ఈ ముసలిదాంట్లనే తెరుసుకుంటది,
అదీ ఊకెనే గాదు,
గడువు తీరిందంటది.
మూలకున్న గడియారాన్ని నొక్కి
తారీఖు వెనక్కి తిప్పాలె:
రెండువేల తొమ్మిది, మార్చి.
అప్పుడు మారుమాట లేకుంట తలుపు తీస్తది.

ఆ గంటసేపు నాకింక పెండ్లి కాలె.
ఎదురుంగ ఆఫీసు బోర్డు మీద
రాష్ట్రం పేరు వేరే.
ఇస్సాకు నెత్తి నల్లగున్నది.

ఈసారి ఐదో గాటుల గరగర.
ఐదో గాటు జహంగీరుది.
బారాతులల్ల కీబోర్డు వాయించేటోడు,
రెండువేల పదిల, వానలకు పెండ్లిళ్ళు లేని నెలల,
బాంజోను పట్టుకొని, తీగలు దించి, ఏమేమో గెలికి
జమిడిక చేసిండు దాన్ని.
కంపెనీ ఇచ్చిన పట్టీల సితారున్నది, జమిడిక ఏడుంటది?
ఇప్పుడు సూర్యాపేటల టైర్ల దుకాణం ఆయనది.
ఎట్ల చేసినవని ఫోన్ల అడిగితే
"అదింకా బతికున్నదా?" అన్నడు.
యాదికి లేదంట.

లోపలి ప్రోగ్రాం మల్ల ఎక్కియ్యాలె.
ఎక్కిస్తే ఐదో గాటు తుడుసుకపోతది.
అందుకే ముందుగాల కాపీ దింపిన,
కొక్కెం ఇరిగిన వైరును
సైకిల్ ట్యూబు ముక్కతోని అదిమి కట్టి,
దగ్గు సుత ఆపుకొని.
దిగింది.

ఇగ ఎక్కిచ్చుడు.
నడుమల కరెంటు పోతే గిటారు ఉత్త కట్టె.
లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఎప్పుడో తీసి పారేసిన,
పక్కన జిరాక్సు మైసయ్య ఇన్వర్టరు నుంచి వైరు గుంజిన.
పచ్చగీత పన్నెండు, ముప్పై,
అరవై మూడు కాడ ఫ్యాను ఆగింది.
"మిషిని బందుపెట్టు మైసన్నా!" అని ఒర్లిన.
మైసయ్య బందుపెట్టిండు.
ఎవల్దో కులం సర్టిఫికెటు
సగం బయట, సగం మిషిన్ల.
ఇస్సాకు గోడ మీది క్యాలెండరు దిక్కే చూస్తున్నడు.
తొంభై ఎనిమిది.
తొంభై ఎనిమిది.
తొంభై ఎనిమిదే.

నూరు.

మైసయ్య మిషిను మల్ల కదిలింది.
కాపీ లోపలికి పంపి, గుండీ ఐదో గాటుకు తిప్పిన.
ఇస్సాకు కూసున్నకాడనే ఒక్కపారి గుంజిండు:
గుమ్మ్.
చీకటి దుకాణంల, ఛార్జర్ల నడుమ
తోలు మీదికెల్లి వచ్చినట్టే మూలుగు.
మెట్ల కాడ సీతాఫలాలమ్మే ముసలామె
గంప కాడికెల్లి తలెత్తి,
"ఎవలింట్లనే ఎల్లమ్మ?" అన్నది.

ఇస్సాకు నవ్వలె. గిటారు సంచిల పెట్టి
జిప్పు సగంల పట్టుకుంటే ఓపికతోని సవరిచ్చుకున్నడు.

బిల్లు మీద అలవాటుల తారీఖు తప్పు రాసిన,
తొమ్మిదో యేడు మార్చని.
చదివి, అద్దాలు నెత్తికెక్కిచ్చి,
"గట్లయితే ఆ యేటి రేటే తీసుకో బిడ్డా" అన్నడు.
తీసుకోలె. యాభై తగ్గిచ్చిన.

ఆయన పోయినంక తారీఖు ముందుకు తిప్పిన,
ఇన్నేండ్లు, రెండు నొక్కుళ్ళు.
కాపీని మాత్రం మార్చలె.
దాని మీద ఇంకా అదే మార్చి.
జహంగీరు దాన్ని చేసిందేమో ఆ మరుసటేడు.
అసలుకన్న నకలే పెద్దది, ఏడాది పైన.

లాప్‌టాప్‌ను సంచిల చుట్టిన.
కరెంటింక రాలె.