రెండో ట్రిప్పు

శ్రీనివాసం కాడ ఎక్కినోళ్ళు పదహారు మంది.
మైకులో సగం నా గొంతు, సగం గరగర.
"కపిలతీర్థం, ఇరవై నిమిషాలు.
చెప్పులు బస్సులోనే వదలండి.
జలపాతం ఇప్పుడు లేదు, వానలకొస్తాది."
లేని నీళ్ళని
రోజుకు రెండుసార్లు చేత్తో గీసి చూపిస్తా.

వెనక సీట్లో నూకరాజు, విశాఖ ఫిషింగ్ హార్బరాయన,
కిటికీ ఊచ పట్టుకుని అడిగినాడు:
"అమ్మా, మీ ఊరికి సముద్రం ఏ పక్క?"
డ్రైవరు మునెయ్య పడీపడీ నవ్వినాడు,
"తాగే నీళ్ళకే ట్యాంకరొస్తాది సామీ!"

చంద్రగిరి కోటలో రాజుల పేర్లు వరసగా అప్పజెప్పినా.
ఆయన వినలా.
గాలికి ముఖం పెట్టి,
ఉప్పు మరిచిన కూర తిన్నోని మాదిరి నిలబడినాడు.

తిరిగొచ్చేసరికి చీకటి. అలిపిరి కాడ ట్రాఫిక్కు.
కొండ మలుపుల్లో దిగొచ్చే బండ్ల లైట్లు.
"వేటకెళ్ళినవి తిరిగొస్తన్నాయి," అన్నాడాయన.
ఎవరికీ అర్థం కాలా.
నేను మైకు ఆపినా.
"మునెయ్యా, లోపల లైట్లు తీసెయ్యి."

బస్సు బస్సంతా ఒక్క నిమిషం
ఒడ్డున నిలబడింది.
ఆయన వేళ్ళు మడుస్తా లెక్కపెడుతున్నాడు.
పదకొండు కాడ ఆగి, మళ్ళీ మొదట్నించి.
మళ్ళీ పదకొండే.
నేనడగలా.

దిగేటప్పుడు అందరూ సీట్ల కింద చెప్పులు వెతుక్కున్నారు.
ఆయన టిప్పియ్యలేదని మునెయ్య గొణిగినాడు.

మర్నాడు రెండో ట్రిప్పు, కొత్త పద్నాలుగు మంది.
అలిపిరి కాడ చెప్పాల్సింది మరిచి
కొండకేసి చూస్తా ఉండిపోయినా.
"మేడమ్, ఇక్కడేం చూడాల?"
"ఇంకోటి రావాల," అన్నా.