రెండో సగం

ఒకే కప్పు, నడుమ ఒక గోడ.
గని కంపెనీ అలాగే కట్టింది మా వీధంతా.
అటు సగం ఆకుపచ్చ, రానల్డ్‌ది.
ఇటు సగం తెలుపు, నాది.

ముప్పై ఏళ్లు ఆ గోడ నాకు
అతని దగ్గు చేరవేసింది.
నాలుగున్నరకి షిఫ్టు దగ్గు,
ఆదివారం ఆలస్యపు దగ్గు.
ఎఫీ పోయిన రాత్రి మాత్రం ఏమీ లేదు.

ఏప్రిల్‌లో, కంచె నీడలో ఇంకా మంచు మిగిలుండగానే,
పెరట్లో నాలుగు గుంజలు పాతాడు.
"ఏమిటది?"
"ఎండ గది."
"ఒక్క మనిషివి, నీకెందుకు?"
"కాళ్లు చాపితే పొయ్యి తగులుతోంది, మార్సెల్లా."

పొయ్యి ఒక్కటే కారణమైతే
మూడు వైపులా అద్దాలెందుకు?
అడగలేదు.
సముద్రం అడుగుకి పోయి బొగ్గు తవ్వొచ్చినవాణ్ణి
వెలుతురెందుకని ఎలా అడగను?
దండెం సంగతే అడిగాను:
పొద్దున పూట నీ గది నీడ నా దుప్పట్ల మీద పడుతుందయ్యా!
మర్నాడు లేచేసరికి నా దండెం గుంజ
మూడడుగులు పడమటికి జరిగి ఉంది.
చుట్టూ మట్టి కూడా తొక్కి చదును చేశాడు.

కిటికీలు మా పాత బడివి,
పడగొట్టేటప్పుడు కొన్నాడు, ఒక్కోటి ఐదు డాలర్లు.
లెక్కల క్లాసులో నేను సముద్రాన్ని చూసింది
వాటిలో ఏ అద్దంలోంచో.
రెండు సరిపోక చర్చి హాలువి తెచ్చి అతికించాడు.
వంకరగానే ఉంది. చెప్పాను కూడా.

గది పూర్తయింది. గోడ మూగబోయింది.
కుర్చీ, రేడియో, టమాటా కుండీ,
దగ్గుతో సహా అన్నీ అద్దాల్లోకి మారిపోయాయి.
ఒక రాత్రి గోడకి చెవి ఆనించాను.
నా ఫ్రిజ్ మూలుగే వినబడింది.
సిగ్గేసి, గోడ తుడుస్తున్నట్టు
గుడ్డ తీసుకున్నాను, చూసేవాళ్లెవరూ లేకపోయినా.

నవంబర్. మూడు దాటింది.
బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను.
వంటింటి లోపలి మూల, పిండి డబ్బా పక్కన,
పుట్టి బుద్ధెరిగాక ఎండ చూడని చోట
ఎండ.
చతురస్రంగా, ఒక పక్క కాస్త వంకరగా.
వంగుతున్న పొద్దుని అతని అద్దం పట్టి
నా కిటికీలోకి విసిరింది.
తెలుపనుకున్న గోడ నిజానికి పసుపు.
ఎన్నేళ్ల నూనె పొగో.

కత్తి కింద పెట్టి, స్టూలు అక్కడికి లాక్కున్నాను.
మోకాళ్ల మీద వెచ్చగా పడింది.
అంతలో వెలుగు ఊగింది, డబ్బా మీదికి ఎగిరింది, మళ్లీ వచ్చింది:
అతను కిటికీ తెరిచి వేసినట్టున్నాడు.
"కదపకు!" అని అరిచాను.
"ఏమిటి?" అన్నాడు పెరట్లోంచి,
ఆపైన దగ్గాడు.

ఏమీ లేదన్నాను.
దుంపలు అలా నల్లబడుతూనే ఉన్నాయి.